మందు చీటీ ఎవరు రాయాలి?

డాక్టరుగారి చీటీ చేతిలో పడగానే మనం చేసే పని ఒక్కటే. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అర్థంకాక, మెడికల్ షాపులో ఇచ్చేయడం! ఆ గొలుసుకట్టు రాత కింద ఉన్న సంతకం డాక్టరుది కాకుండా ఇంకెవరిదైనా కావచ్చన్న ఆలోచనే మనకు రాదు. బ్రిటన్‌లో మాత్రం అది నర్సుది కావచ్చు. ఫార్మసిస్టుది కావచ్చు. ఫిజియోథెరపిస్టుది, పాదాలకు చికిత్స చేసే పొడియాట్రిస్టుది, ఆఖరికి అంబులెన్సులో వచ్చే పారామెడిక్‌ది కూడా కావచ్చు.

'అమ్మో, డాక్టరు కానివాళ్లు మందులు రాయడమేంటి?' అనిపిస్తోంది కదూ! అక్కడి డాక్టర్లూ మొదట్లో ఆ మాటే అన్నారు. మరి ఎలా ఒప్పుకొన్నారు? ఆ కథ మనకూ పనికొచ్చేదే.

చూసేది ఒకరు... సంతకం ఇంకొకరిది

1986లో జూలియా కంబర్లెజ్ అనే ఆవిడ నేతృత్వంలో ఓ బృందం ఇంగ్లండ్‌లో ఇళ్లకు వెళ్లి సేవలందించే నర్సుల పనిని పరిశీలించింది. మంచం పట్టిన ముసలావిడ వీపు మీద పుండు పడిందనుకోండి. దాన్ని కడిగి కట్టు కట్టేది నర్సే. ఏ పట్టీ వేయాలో, ఏ లేపనం రాయాలో ఆమెకు బాగా తెలుసు. అయినా ఆ పట్టీ కావాలంటే డాక్టరు దగ్గర కాచుకుని కూర్చుని చీటీ రాయించుకోవాల్సిందే. ఆయన ఆ పుండును చూసి ఉండకపోవచ్చు. నర్సు చెప్పిందే రాసి సంతకం పెట్టేవారు. అంటే నిర్ణయం ఒకరిది, బాధ్యత మరొకరిది, ఎదురుచూపు మాత్రం ముసలావిడది!

అందుకే ఓ చిన్న జాబితాలోని మందులు రాసే అధికారం నర్సులకే ఇవ్వాలని ఆ బృందం సూచించింది. చట్టం రావడానికి 1992 దాకా పట్టింది. 1994లో కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఆ తర్వాతా తొందరపడలేదు. 2003లో నర్సులకూ ఫార్మసిస్టులకూ ఇంకో మెట్టు. డాక్టరు జబ్బు నిర్ధారించి, రోగి ఒప్పుకోలుతో చికిత్స ప్రణాళిక రాసిపెడితే, దానికి లోబడి వాళ్లు మందు పెంచవచ్చు, తగ్గించవచ్చు, మార్చవచ్చు. 2005లో ఫిజియోథెరపిస్టులకూ పొడియాట్రిస్టులకూ రేడియోగ్రాఫర్లకూ ఇదే అవకాశం వచ్చింది. నర్సులూ ఫార్మసిస్టులూ తమకు పట్టున్న విభాగంలో స్వతంత్రంగా మందులు రాయడం 2006లో మొదలైంది. ఫిజియోలకూ పొడియాట్రిస్టులకూ 2013లో, పారామెడిక్‌లకు 2018లో ఆ వంతు వచ్చింది. పుండు పట్టీతో మొదలైన ప్రయాణం ఇక్కడిదాకా రావడానికి ముప్పై ఏళ్లు దాటింది.

నూటికి నూరు రావాల్సిందే!

డిగ్రీ పట్టా చేతికి రాగానే నర్సులు మందులు రాసేయరు. కొంతకాలం ఉద్యోగ అనుభవం ఉండాలి. ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కోర్సు చేయాలి. ఈ కోర్సులు మొదలైన రోజుల్లో సుమారు 26 రోజుల పాఠాలు, మరో 12 రోజులు డాక్టరు పర్యవేక్షణలో రోగుల మధ్య పని ఉండేవి. పరీక్షలు కూడా ఆషామాషీవి కావు. నర్సులకు మందుల శాస్త్రంలో నూటికి ఎనభై రాకపోతే తప్పినట్టే. మోతాదుల లెక్కల్లో అయితే నూటికి నూరు రావాలి. తొంభై తొమ్మిది వచ్చినా లాభం లేదు. నిజమే మరి, పసిబిడ్డకిచ్చే మందులో దశాంశ బిందువు ఓ గడి జరిగితే మోతాదు పదింతలైపోతుంది!

ఇంతకీ అక్కడ నేర్పేదేంటి? మందుల పేర్లు కాదు, అవి పుస్తకంలోనే ఉంటాయి. రోగిని ఏమేం అడగాలి, ఇప్పటికే ఏం మింగుతున్నారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, కొత్త మందు పాతదానితో పేచీ పెట్టుకుంటుందా... ఇవీ పాఠాలు. ఓ పెద్దాయన రక్తపోటుకు ఓ మాత్ర, ఒంట్లో నీరు పోవడానికి మరో మాత్ర వాడుతున్నారు. మోకాలి నొప్పితో ఫిజియో దగ్గరికొచ్చారు. చూస్తే చిన్న నొప్పే. కానీ వాటికి తోడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మింగితే మూత్రపిండాలకే ముప్పు రావచ్చు. అలాంటప్పుడు 'మందు వద్దు, వ్యాయామం చాలు' అనగలగాలి. 'ఇది నా పరిధి కాదు, డాక్టరుకు చూపించండి' అనడం కూడా చదువులో భాగమే. చెప్పాలంటే, అసలు పాఠమే అది.

ఫలితాలు ఎలా ఉన్నాయంటారా? వివిధ దేశాల్లో జరిగిన 46 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2016లో ఒకచోట చేర్చి చూసింది. రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ లాంటివాటిని అదుపులో ఉంచడంలో డాక్టర్ల చీటీకీ, శిక్షణ పొందిన నర్సులూ ఫార్మసిస్టుల చీటీకీ పెద్ద తేడా లేదని తేలింది.

మన ఊళ్లో సంగతేంటి?

ఇప్పుడు మన పల్లెలకొద్దాం. ఇక్కడ డాక్టరు కానివాళ్లు మందులు ఇవ్వడం కొత్తేమీ కాదు. ప్రతి ఊళ్లో ఆర్ఎంపీ ఉంటాడు. జ్వరమంటే సూది, నీరసమంటే సెలైను, మోకాళ్ల నొప్పులంటే స్టెరాయిడ్ బిళ్ల. నొప్పి ఆ పూటకు మాయమవుతుంది. నెలల తరబడి మింగితే ఒంట్లో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ సంగతి చెప్పేవారుండరు. రాసిన చీటీ కూడా ఉండదు, రేపు ఎవరినైనా అడుగుదామంటే. అలాగని తిట్టిపోసి ఊరుకోలేం. అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఆ ఊళ్లో తలుపు తీసేది ఆయనొక్కడే!

ఈ లోటు తీర్చడానికే 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కింద ఉప ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లను పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్‌లుగా జనానికి పరిచయమైనవి ఇవే. అక్కడ కనిపించే అమ్మాయిల్లో ఎక్కువమంది బీఎస్సీ నర్సింగ్ చదివినవారు. సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల శిక్షణ కూడా ఉంటుంది. పీహెచ్‌సీ డాక్టరు ఖరారు చేసిన బీపీ, షుగర్ మాత్రలను నెలనెలా ఇస్తారు. అనుమానమొస్తే ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తారు. బ్రిటన్‌లో 2003లో వేసిన మెట్టుకు ఇది దగ్గరి చుట్టమే.

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. వైద్యుల సంఖ్యలో మూడో వంతు మించకుండా కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంటుంది 32వ సెక్షన్. ప్రాథమిక, నివారణ వైద్యం వరకూ నిర్దేశించిన మందులను వాళ్లు సొంతంగా రాయవచ్చు. డాక్టర్లు భగ్గుమన్నారు, దేశమంతా సమ్మె చేశారు. దొడ్డిదారిన నకిలీ వైద్యులు వస్తారన్నది వారి భయం. దాన్ని కొట్టిపారేయలేం. కానీ ఆ గొడవంతా కలం ఎవరి చేతికివ్వాలన్నదాని చుట్టే తిరిగింది. ఏం నేర్పి ఇవ్వాలి, ఏ జాబితా వరకు ఇవ్వాలి, పక్కన ఎవరు నిలబడి చూడాలి, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి... ఈ నాలుగూ తేల్చకుండా ఇస్తే ప్రమాదం. తేల్చిన తర్వాత కూడా ఇవ్వకపోతే, ఊరవతల బస్సు లేని తండాలో బీపీ మాత్ర అయిపోయిన అవ్వకు అన్యాయం.

ఇదంతా తేలేలోగా మనం చేయగలిగిన పని ఒకటుంది. చీటీ రాసింది పెద్ద డాక్టరైనా, విలేజ్ క్లినిక్ నర్సమ్మ అయినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేనికి? నేను ఇప్పటికే వేసుకుంటున్నవాటితో కలిపి వాడొచ్చా? ఎన్నాళ్లకు తగ్గకపోతే మళ్లీ రావాలి? పాత మాత్రల అట్టలన్నీ ఓ సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. సరిగ్గా నేర్చుకున్నవారు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. వాళ్లు పాసైన పరీక్షలో ఉన్నవీ ఇవే మరి!