ఇల్లాలి లెక్కలు: ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు!

కరెంటు బిల్లు చేతికి రాగానే మనం చూసేది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే. "అమ్మో!" అనుకుని ఫ్రిజ్ మీద పెట్టేస్తాం. గడువు చివరి రోజున మళ్ళీ వెతుక్కుంటాం. కొత్తిమీర కట్ట దగ్గర రూపాయికి బేరమాడే మనం, ఈ కాగితం దగ్గర మాత్రం వందలకు వందలు మాట్లాడకుండా వదిలేస్తున్నాం. ఈసారి ఐదు నిమిషాలు తీరిక చేసుకుని చదవండి.

మొన్న మా పక్క వాటా పిన్నిగారు రెండు బిల్లులు పట్టుకుని వచ్చారు. మేముండేది హైదరాబాద్‌లో. "పోయిన నెల 200 యూనిట్లు, ఈ నెల 201. ఒక్క యూనిట్ పెరిగితే రెండు వందలు పైన పడిందేమిటమ్మాయ్? మీటరు పాడైందంటావా?" అన్నారు.

మీటరు భేషుగ్గా ఉంది. మారింది స్లాబు!

తెలంగాణలో 2022-23లో అమల్లోకి వచ్చిన రేట్లు చూడండి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున. వంద దాటి 200 వరకు వాడితే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. రెండొందలు దాటారా, మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, ఆపైన 300 దాకా రూ.7.70. అంటే గీత దాటిన యూనిట్ ఒక్కదానికే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుందన్నమాట.

లెక్క వేసి చూద్దాం. 200 యూనిట్లకు రూ.820. అదే 201 అయితే రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70! వంద దగ్గరా ఇంతే. 100కి రూ.252.50, 101కి రూ.344.80. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. ఇక 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకంలో ఉన్న ఇంటికైతే ఈ గీత ఇంకా ముఖ్యం. 200 వరకు సున్నా బిల్లు. దాటితే మొత్తం కట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గ్రూపులను 2022-23లో తీసేశారు. ఆ ఏటి రేట్లతో అక్కడ 200 యూనిట్లకు రూ.867, 201కి రూ.873. తేడా ఆరు రూపాయలే! ఎక్కువ వాడినవారు ఎక్కువ కట్టడం న్యాయమే. ఒక్క యూనిట్‌కు రెండొందలు న్యాయమా? ఈ మాట అడగడానికీ ఒక చోటుంది. ధరలు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. కొత్త ధరల ప్రతిపాదనలు వచ్చినప్పుడు మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అభ్యంతరం ఎవరైనా రాసి పంపవచ్చు. ఆ ప్రకటన పేపర్లో కనిపిస్తే మడిచి పక్కన పడేయకండి.

అంతదాకా మన చేతిలో ఉన్న పని చేద్దాం. పాల లెక్క రాసుకునే కేలండరు మీదే, రీడింగు తీసిన రోున మీటరు అంకె వేసుకోండి. పదో రోజున, ఇరవయ్యో రోజున మళ్ళీ చూడండి. పది రోజులకు 66, ఇరవై రోజులకు 133 దాటకపోతే మీరు 200 లోపే ఉంటారు. దాటుతుంటే జాగ్రత్త పడే వ్యవధి ఇంకా ఉంటుంది.

ఎక్కడ తగ్గించాలంటారా? రెండు వేల వాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. స్నానాలు వరసగా కానిచ్చి స్విచ్ కట్టేయండి. 75 వాట్ల పాత ఫ్యాను పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల పైమాటే. 30 వాట్ల కొత్త రకానికి 9 చాలు. ట్యాంకు పొంగిపోతున్నా మోటారు కట్టకపోతే పోయేది నీళ్ళొక్కటే కాదు. అద్దెకున్నవాళ్ళదీ మీదీ ఒకే మీటరైతే ఇద్దరి వాడకం కలిసి పై స్లాబులో పడుతుంది. వేరే వంటిల్లున్న వాటాకు వేరే మీటరు కోసం దరఖాస్తు పెట్టుకోండి.

పిన్నిగారు ఆ సాయంత్రమే కేలండరు మీద మొదటి అంకె వేశారు. మరి మీరు?