ఆమె భూమి, ఆయన లెక్క

గోదావరి డెల్టాలో ఒక ఊరు. తండ్రి నుంచి వచ్చిన రెండెకరాలు ఆమె పేరనే ఉన్నాయి. అటుగా గ్యాస్ పైపులైను వేస్తున్నప్పుడు పైపులు పేర్చుకోవడానికి కాంట్రాక్టరు ఆ చేను ఆరు నెలలు తీసుకున్నాడు. మాటలన్నీ భర్తతోనే. డబ్బు ఆయన ఖాతాలో పడింది. దుకాణం నడిపే ఆయన దాన్ని తన ఆదాయంగానే రిటర్నులో చూపించాడు. రెండేళ్ల తర్వాత గేదెల కోసం ఆమె అప్పుకు వెళ్తే, "మీకంటూ ఆదాయం ఉన్నట్టు కాగితమేదమ్మా?" అన్నారు బ్యాంకువాళ్లు. "మా ఆయన లెక్కలో రాశాడు గదండీ, ఇంక నా పేరెందుకనుకున్నాను" అందామె. స్త్రీల ఆస్తిహక్కు గురించి ఇన్నేళ్లుగా రాస్తున్నా నాకూ ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు.

1962 నాటి పైపులైన్ల చట్టం కింద భూమిని తీసుకోరు, అందులో పైపు వేసే హక్కును మాత్రమే తీసుకుంటారు. దానికి భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంటకూ చెట్లకూ జరిగిన నష్టానికి వేరే పరిహారం ఇవ్వాలి. పైపులు పేర్చుకున్నందుకు ఇచ్చే సొమ్ము ఈ రెండూ కాదు, అద్దె. పొలం మీద వచ్చింది కనుక పన్ను లేదనుకుంటారు చాలామంది. కానీ సాగుకు సంబంధం లేని వాడకానికి వచ్చే అద్దె వ్యవసాయ ఆదాయం కాదు. దాన్ని రిటర్నులో చూపాలి. చూపాల్సింది భూమి ఎవరిదో వాళ్లు.

భర్త ప్రతిఫలం లేకుండా తన ఆస్తిని భార్య పేర పెడితే, దాని మీద వచ్చే ఆదాయాన్ని ఆయన ఆదాయంలో కలిపే నిబంధన ఉంది. పుట్టింటి వాటాకు అది వర్తించదు. ఆ వాటా ఊరికే రాలేదు. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2005లో కేంద్రం వారసత్వ చట్టాన్ని సవరించేదాకా ఎంతో పోరాటం జరిగింది. అలా వచ్చిన భూమి మీది రాబడి మళ్లీ భర్త లెక్కలోకే పోతే మనం సాధించినదేమిటి?

ఆమె ఆదాయం పన్ను పడేంత లేకపోవచ్చు. అయినా రిటర్ను వేయవచ్చు. ముందే పన్ను కోసి ఉంటే తిరిగి వస్తుంది, ఆమె పేర ఒక రుజువూ మిగులుతుంది.

గ్రామాల్లో పనిచేసే మిత్రులకు నా విన్నపం ఒకటే. ఒప్పందం భూమి గల స్త్రీ పేరనే రాయించండి. పైపు హక్కు, పంట నష్టం, అద్దె మూడూ విడివిడిగా రాయమనండి. డబ్బు ఆమె ఖాతాలోనే, ఆమె పాన్ నంబరు మీదే పడేలా చూడండి. పాసుపుస్తకంలో పేరెక్కించుకోవడంతో మన పని అయిపోలేదు. లెక్కల్లో కూడా ఆమె కనబడాలి.