నడుము వంచుటయు నేర్పవలసిన విద్యయే

విద్యార్థికి అక్షరములు దిద్దించునప్పుడు కలము పట్టు విధమును మొదట నేర్పుదుము. వ్రేళ్లు వంకరగా పట్టినచో సరిదిద్దుదుము. ఆ విద్యార్థియే నీళ్లబకెట్టు నెత్తునప్పుడును, పుస్తకముల సంచిని వీపున వేసికొనునప్పుడును, బల్లపై వ్రాలి గంటలకొలది చదువునప్పుడును అతని దేహ మెట్లు వంగుచున్నదో చూచువారు లేరు. డెబ్బది యెనుబది యేండ్లు వాడుకొనవలసిన పనిముట్టు గదా యీ దేహము! దానిని వాడుకొను రీతిని బడిలోనే అభ్యాసపూర్వకముగా నేర్పవలయుననియు, అందులకు తగిన డ్రిల్లు పీరియడును మరి యే పాఠమునకును ఇచ్చివేయరాదనియు మా యభిప్రాయము.

దేహబలమనగానే తెలుగువారికి కోడి రామమూర్తి నాయుడుగారు జ్ఞప్తికి వత్తురు. ఇనుప గొలుసులను తెంచి, ఏనుగును ఱొమ్ముపై నిలిపిన యా మహామల్లునియెడ మాకును గౌరవము కలదు. కాని యందరును మల్లులు కానక్కరలేదు. కూర్చుండుట, లేచుట, వంగుట, ఎత్తుట, మోయుట, నడచుట అనునవి ప్రతివానికిని దినదినము తప్పని పనులు. వీనిని అరువదవ యేటను నొప్పిలేక చేయగల నేర్పునే మేము కోరుచున్నాము.

ఈ నేర్పునకు మూలము భౌతికశాస్త్రములోని చిన్న సూత్రము. గునపము పొడవైనకొలది స్వల్పబలముతో పెద్ద బండ కదలును. బండ విషయమున మేలుచేయు నా సూత్రమే నడుము విషయమున కీడుచేయును. పది కిలోల బియ్యపు సంచిని నడుమునకు 20 సెంటీమీటర్ల దూరమున పట్టుకొనుటకు మారుగా, చేతులు చాచి 60 సెంటీమీటర్ల దూరమున పట్టుకొంటిమేని, సంచి బరువు మారదు గాని, అది నడుమును ముందునకు వంచు బలము మూడింతలగును. దానిని నిలువరింపవలసిన వెన్నుకండరములు వెన్నెముకకు కొలది అంగుళముల దూరముననే యున్నవి. అందుచే నవి సంచి బరువునకు అనేకరెట్లు బలముతో లాగవలసివచ్చును. ఆ యొత్తిడి వెన్నుపూసల నడుమనున్న మెత్తలమీద పడును. కావున బరువును దేహమునకు చేర్చి పట్టవలెను. తుంటికీళ్లవద్ద వంగి, మోకాళ్లను మడవవలెను. బరువుతో ప్రక్కకు తిరుగునప్పుడు నడుమును మెలిపెట్టక పాదములను త్రిప్పవలెను. పిరుదులందును తొడలందును ఉన్న కండరములు మిక్కిలి బలిష్ఠములు. గొప్ప పనిని వానికే యప్పగించుట న్యాయము.

ఇది యొక యుపన్యాసముతో తీరునని కొందరందురు. తీరదు. బరువు లెత్తు పనివారికి ఎత్తు పద్ధతిని బోధించినంతమాత్రమున నడుమునొప్పి తగ్గినట్లు కానరాలేదని 2011లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తెలిపినది. ఇందు మాకు వింత తోపలేదు. తొడలలో సత్తువలేని బాలుడు సూత్రమును వల్లించియు నడుముతోనే ఎత్తును. ఈత గూర్చి చదివినవానికి ఈత రాదు గదా! అట్లే ‘నిటారుగా కూర్చుండు’మని గద్దించుటయు చాలదు. ఎంత చక్కగా కూర్చున్నను గంటలతరబడి కదలకున్నచో దేహము బిగిసిపోవును. దినమంతటికిని తగిన భంగిమ యొక్కటియు లేదు. భంగిమను మార్చుచుండుటయే మేలు. నొప్పులన్నియు వంగు తీరువలననే కలుగునని మేమనము. నిద్రలేమియు, దిగులును, వ్యాధులును కారణములు కావచ్చును. ఎడతెగని నొప్పిని వైద్యునికి చూపవలసినదే.

మన తాతముత్తాత లీ పాఠము లేకయే బ్రదుకలేదా యని అడుగవచ్చును. వారు నేలపై బాసిపట్టు వేసి భుజించిరి, గొంతుకూర్చుండి పనిచేసిరి, తలపై గంపలు మోసిరి, క్రోసులు నడచిరి. వారి కీళ్లు దినమునకు పలుమారులు పూర్తిగా మడతపడి విచ్చుకొనెడివి. అట్లని పాతదంతయు మేలని చెప్పుట పొరపాటు. దినమంతయు వంగి నాట్లువేయు స్త్రీల నడుమునొప్పిని పల్లెలలో నెఱుగనివారు లేరు. నేటి బాలుడు మాత్రము బడిలో బెంచీపైనను, ఇంట కుర్చీలోను, తీరికవేళ సెల్‌ఫోనుపై తల వంచియు నొక్క తీరుననే కాలము గడుపుచున్నాడు.

ప్రభుత్వమువారు కొంత శ్రద్ధ చూపకపోలేదు. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి ఒకటిన్నర కిలోకును, పదవ తరగతి వారిది 5 కిలోలకును మించరాదని 2018లో కేంద్రప్రభుత్వము సూచించినది. పిల్లవాని బరువులో పదవవంతునకు సంచి మించరాదని 2020 నాటి విధానము. 5 మొదలు 17 ఏండ్లవారు సగటున దినమునకు 60 నిమిషములు చక్కని వ్యాయామము చేయవలయుననియు, అందు వారమునకు మూడు దినములైనను కండరములను ఎముకలను బలపరచునది యుండవలయుననియు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు తెలిపిరి.

తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1920లో, హ్యారీ క్రో బక్ దొరగారు మద్రాసునందు వై.ఎం.సి.ఏ. వ్యాయామశిక్షణ కళాశాలను స్థాపించిరి. వ్యాయామము నేర్పుటకును శిక్షణ పొందిన యుపాధ్యాయుడు కావలయునని నాడే గ్రహించిరి. నేడు పలు బడులలో, పదవ తరగతి రాగానే, డ్రిల్లు పీరియడు లెక్కలకో సైన్సునకో పోవుచున్నది. ఎక్కువసేపు కూర్చుండు విద్యార్థికే తక్కువ కదలిక లభించుట విపరీతము కాదా?

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి డ్రిల్లు పీరియడులో పది నిమిషము లీ యభ్యాసమునకు కేటాయింపవలెను. వీపు పొడుగున నొక కర్రను ఆనించి, అది తలకును వీపునకును పిరుదుల నడుమకును తాకుచుండగా తుంటివద్ద మాత్రమే వంగుట, చేతి యూత లేక నేలనుండి లేచుట, ఒంటికాలిపై నిలుచుట, చెరియొక చేత సమానమైన బరువు పట్టి నడచుట: వీనికి ఖర్చు లేదు, విశాలమైన మైదానమును అక్కరలేదు. తరగతిలో అరగంట కొకమారు అందరిని లేపి నిలువబెట్టినచో పాఠము చెడదు. ఇవి బాలికలకును సమానముగా నేర్పవలెను. ఇంట బిందె మోయునది తరచుగా వారే గదా.

తలిదండ్రులు మార్కుల పట్టికతోపాటు పిల్లవాని నడకను, సంచి వేసికొను తీరును చూతురుగాక. సంచిని రెండు భుజములకును తగిలించి వీపునకు ఆనించుకొనుట రేపు ప్రాతఃకాలముననే ప్రారంభింపవచ్చును. డ్రిల్లు పీరియడు నిలుచుటమాత్రము ఉపాధ్యాయులమైన మా చేతిలోనున్నది. రాబోవు విద్యాసంవత్సరపు టైంటేబిలు వ్రాయునప్పుడు ఈ విషయమును పెద్దలు ఆలోచింతురని నమ్ముచున్నాము.