ఒక పనిని ఒక్కచోటే రాయండి

పోయిన వారం గ్రూపులో ఒకరు అడిగినారు, ఫోన్లో పనుల లిస్టు పెట్టుకోడానికి ఏ యాప్ బాగుంటుందని. పది మంది పది పేర్లు చెప్పినారు. మేము మూడు నాలుగు వాడి చూసినాము. మాకు అన్నీ ఇంచుమించు ఒకటే అనిపించాయి. ఇబ్బంది యాప్‌లో లేదు. ఒకే పని రెండు మూడు లిస్టులకు చెందేదైతే దాన్ని ఎక్కడ రాయాలి అనే దగ్గర ఉంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు కాబట్టి మేము రాస్తా ఉన్నాము.

మా ఇంట్లో నాలుగు లిస్టులు ఉన్నాయి: తోట, షెడ్డు, ఇల్లు, ఆఫీసు. డ్రిప్పు ఫిల్టరు కడగడం తోట లిస్టు, అందులో అనుమానం లేదు. నేత్రికలు కడిగి ఎండబెట్టడం షెడ్డు. కరెంటు బిల్లు ఇల్లు. మరి మల్బరీకి మందు కొట్టడం ఏ లిస్టు? కొట్టేది తోటలో. ఆ ఆకు తినేది షెడ్డులోని పురుగు. మందు కొనే డబ్బులు ఇంటి లెక్కలోవి. ఏ మందు కొట్టాలి, ఎన్ని రోజులు ఆగాలి అని అడగాల్సింది సెరికల్చర్ ఆఫీసులో. ఒక్క పనికి నాలుగు ఇళ్లు. చాలామంది ఏం చేస్తారంటే, ఎందుకైనా మంచిదని రెండు లిస్టుల్లోనూ రాసేస్తారు. మేము వద్దనేది అదే.

ఎందుకు వద్దంటున్నామో చెప్తాము. మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి ఇది, పేరు వద్దు. అన్నది తోట, తమ్ముడిది, మరదలిది షెడ్డు. ఆకుచుట్టు పురుగు పడిందని మందు కొట్టాలనుకున్నారు. అన్న తన ఫోన్లో 3వ తేదీ అని రాసుకున్నాడు. తమ్ముడూ తన ఫోన్లో 3వ తేదీ అనే రాసుకొని, పక్కనే 18 నుంచి ఆ పక్క ఆకు కోయొచ్చు అని పెట్టుకున్నాడు, ఎందుకంటే ఆ మందుకు 15 రోజులు ఆగమని చెప్పినారు. 3వ తేదీ వాన. అన్న పనిని 8కి జరుపుకున్నాడు, తన లిస్టులో తేదీ సరిగ్గానే మార్చుకున్నాడు, 8న కొట్టినాడు, టిక్కు పెట్టినాడు. తమ్ముడి ఫోన్లో మాత్రం ఆ పాత 3, పాత 18 అట్లే కూర్చొని ఉన్నాయి. 19న కొమ్మలు కోసి వేసినారు. సాయంత్రానికి పురుగులు తల ఊపుకుంటా, పచ్చటి నీళ్లు కక్కుకుంటా, ముడుచుకొని పోయినాయి. అయిదో దశ పురుగు అది. మొత్తం మేతలో 80 శాతం పైగా తినేది ఆ దశలోనే కదా, అంటే అప్పటికి ఆకు, కూలి, కష్టం చాలావరకు పెట్టేసిన తరువాత పోయింది.

ఇద్దరిలో ఎవరూ మరిచిపోలేదు, ఎవరూ బద్ధకించలేదు. ఇద్దరూ రాసుకున్నారు. రెండు చోట్ల ఉండబట్టే పోయింది. ఒకచోట తేదీ కదిలింది, ఇంకోచోట కదల్లేదు. అసలు రాసుకోకపోయి ఉంటే తమ్ముడు అన్నను నోటితో అడిగి ఉండేవాడేమో.

కాబట్టి ఒక పని ఒక్క లిస్టులోనే ఉండాలి. ఏ లిస్టు అంటే మా లెక్క ఇది: పని ఎక్కడ చేస్తామో ఆ లిస్టు కాదు, పని తప్పితే నష్టం ఎక్కడ పడుతుందో ఆ లిస్టు. మందు కొట్టేది తోటలోనే అయినా, తేడా వస్తే చచ్చేది షెడ్డులో. అందుకే అది షెడ్డు లిస్టులో ఉండాలి, తోట చూసేవాళ్లు అక్కడికే వచ్చి చూసుకోవాలి, అక్కడే తేదీ మార్చాలి. "ఆకు ఎప్పటి నుంచి కోయొచ్చు" అనేది కూడా దాని కిందే, అదే పనిలో చిన్న మెట్టుగా రాయాలి. పై తేదీ మార్చేటప్పుడు కింది తేదీ కంట్లో పడుతుంది. పక్క పొలం వాళ్లు మామిడికో వరికో ఎప్పుడు కొడతారో కనుక్కోవడం కూడా మేము షెడ్డులోనే రాస్తాము. అడిగేది గట్టు మీదే, కానీ గాలికి వచ్చే మందు పడేది మన ఆకు మీద.

ఇంకొక మాట. రెండు లిస్టులకు చెందినట్టు కనపడే పనుల్లో సగం అసలు ఒక పని కాదు, రెండు మూడు పనులు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. "షెడ్డు శుద్ధి" అని రాసి పెట్టుకుంటారు. అది ఎన్ని పనులో చూడండి. గూళ్లు దించిన వెంటనే ఒకసారి, చాకీ పురుగు తెచ్చే రెండు మూడు రోజుల ముందు ఇంకోసారి చెయ్యాల్సింది. దానికి ముందు బ్లీచింగ్ పౌడరు, సున్నం కొనాలి. షెడ్డు, స్టాండ్లు, నేత్రికలు కడగాలి. కడిగిన తరువాత మందు నీళ్లు కొట్టాలి. కొనడం ఊరికి పోయినప్పుడు అయ్యేది, కడగడం మనిషి దొరికితే అయ్యేది, కొట్టడం తేదీ పట్టుకొని అయ్యేది. వీటిని విడదీసి రాస్తే ఒక్కొక్కటి దాని లిస్టుకు అదే పోతుంది, తగవు ఉండదు. విడదీయడానికి లేని పని, మందు కొట్టడంలాంటిది, అప్పుడు మాత్రమే పైన చెప్పిన లెక్క వాడుకోవాలి.

యాప్‌లు తయారుచేసేవాళ్లకు ఈ చిక్కు తెలియదని కాదు. గూగుల్ టాస్క్స్‌లో ఒక పని ఒక లిస్టులోనే ఉంటుంది. ఇంకో లిస్టుకు మార్చొచ్చు, రెండింట్లో పెట్టడానికి లేదు. అది లోటని కొందరు అంటారు. మాకు అదే బాగుందనిపిస్తుంది. టూడూయిస్ట్‌లో కూడా పని ఉండేది ఒకచోటే, దానికి ఎన్ని లేబుళ్లయినా అంటించొచ్చు. పెద్ద పెద్ద కంపెనీలు వాడే ఆసనా అనేదాంట్లో అయితే ఒకే పనిని రెండు మూడు ప్రాజెక్టుల్లో చూపించొచ్చు, ఒకచోట టిక్కు పెడితే అన్నిచోట్లా పడుతుంది. అది నకలు కాదు, ఒకే పని నాలుగు కిటికీల్లోంచి కనపడటం. మనకు కావాల్సింది సరిగ్గా అదే, కానీ ఆ యాప్ మన ఇంటికి ఎక్కువ. మైక్రోసాఫ్ట్ టు డూలో "మై డే" అని ఉంది. ఏ లిస్టులో పనైనా ఈరోజు చెయ్యాల్సిందైతే అందులోకి తెచ్చి చూసుకోవచ్చు, పని మాత్రం తన లిస్టులోనే ఉంటుంది. రాత్రి దాటితే మై డే ఖాళీ అవుతుంది, మిగిలిపోయిన పని ఎక్కడికీ పోదు. పొద్దున్నే మొదటి మేత వేసి వచ్చి టీ తాగేటప్పుడు అది చూసుకోవడం మాకు అలవాటైంది. మన ఇళ్లల్లో గోడకు తగిలించే రోజుకొక కాగితం చించే క్యాలెండరు చేసే పని కూడా అదే కదా.

యాప్ మీద మరీ ప్రాణం పెట్టుకోవద్దు. వండర్‌లిస్ట్ అని ఒకటి ఉండేది, లక్షల మంది వాడినారు. మైక్రోసాఫ్ట్ 2015లో కొనింది, 2020 మేలో మూసేసింది.

లేబుళ్ల సంగతికి వస్తాము. లిస్టు ఒకటే ఉండాలి, లేబుళ్లు రెండు మూడు ఉన్నా పరవాలేదు. మాకు అన్నిటికన్నా ఉపయోగపడే లేబులు "తిరుత్తణి". చిట్టా, అడంగల్ నకలు తీసుకోవాల్సింది ఆఫీసు లిస్టులో ఉంటుంది, సున్నం షెడ్డు లిస్టులో, అమ్మ బీపీ మాత్రలు ఇల్లు లిస్టులో, మోటారు స్టార్టరు తోట లిస్టులో. నాలుగింటికీ తిరుత్తణి అని లేబులు. బస్సు ఎక్కే ముందు ఆ ఒక్క మాట వెతికితే నాలుగూ వస్తాయి. సున్నం ఒకటి మరిచిపోయినందుకు ఇంకోసారి పోతే అర పూట పోతుంది, అయిదో దశలో అర పూట అంటే ఒక మేత. (ఆడి కృత్తిక దగ్గరపడితే ఆ లేబులు జోలికి పోవద్దు. కావడి జనంలో ఇరుక్కుంటే సున్నమూ రాదు, మనిషీ సాయంత్రం దాకా రాడు.)

ఇక్కడ మన పక్కవాళ్లకు మాత్రమే ఉన్న ఒక తిప్పలు ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి మనకు కాగితం తమిళం, మాట తెలుగు. ఇప్పుడు ఫోన్లో అది మూడు అయింది. మేము "మందు" అని తెలుగులో రాస్తాము. తమిళ బడిలో చదివినవాళ్లు తమిళ అక్షరాల్లో "మరుందు" అని రాస్తారు. పిల్లోడు ఇంగ్లీషు అక్షరాల్లో మందు అని కొడతాడు. ముగ్గురూ ఒకే పని గురించే రాసినా, వెతికితే ఒకటి వస్తుంది, రెండు రావు. లేబులు పెట్టినాము కదా అని ధైర్యంగా ఉంటాము, అది సగం చూపించి సగం దాచి పెడుతుంది. ఇంట్లో అందరూ కూర్చొని ఏ మాట, ఏ అక్షరాలు అని ఒకసారి ఖాయం చేసుకోవాలి. తమిళమైనా సరే, తెలుగైనా సరే, ఒకటే ఉండాలి. మా ఇంట్లో ఆరు మాటలు పెట్టుకున్నాము: మందు, మేత, శుద్ధి, కూలి, కాగితం, తిరుత్తణి. ఆరు దాటితే ఎవరికీ గుర్తుండదు. ప్రతి పని రాసేటప్పుడు ఆ మాటనే మొదట రాస్తాము, అప్పుడు యాప్‌లో లేబులు సౌకర్యం ఉన్నా లేకున్నా వెతికితే దొరుకుతుంది.

మళ్లీ మళ్లీ వచ్చే పనుల సంగతి వేరే. యాప్‌లు "ప్రతి సోమవారం", "ప్రతి 10 రోజులకు" అని అడుగుతాయి. పురుగుకు సోమవారం తెలియదు. దానికి జ్వరం తెలుసు. విజేత పౌడరు జ్వరం నుంచి లేచిన తరువాత, మేత వేసే అరగంట ముందు చల్లాలి. కార్తీకం చలిలో జ్వరం ఒక రోజు ఆలస్యమైతే ఆ వెనక ఉన్న పనులన్నీ ఒక రోజు జరగాలి. తేదీలు వేసి పెట్టుకుంటే అన్నిటినీ ఒక్కొక్కటే మార్చుకుంటా కూర్చోవాలి. అందుకని షెడ్డు లోపలి పనులకు మేము తేదీలు వెయ్యము. గూగుల్ కీప్‌లో ఒక్క నోటు, చాకీ వచ్చిన రోజు నుంచి గూళ్లు దించేదాకా వరసగా: మూడో జ్వరం లేచినాక విజేత, పడక మార్పు, ఊజీ ఈగకు వలలు, నాలుగో జ్వరం లేచినాక విజేత, అట్లా. బ్యాచ్ అయిపోయినాక అన్ని టిక్కులూ ఒకేసారి తీసేసే వీలు అందులో ఉంది. మళ్లీ బ్యాచ్‌కు అదే నోటు. తేదీ వేసేది బయటివాళ్లతో ముడిపడ్డ పనులకే: చాకీకి చెప్పి పెట్టడం, ఆకు కోసే కూలోళ్లకు చెప్పడం, ధర్మపురికో రామనగరకో గూళ్లు పంపడానికి బండి మాట్లాడటం.

"ఇదంతా ఎందుకు, మా నాయన కాలంలో ఏ లిస్టు పెట్టినారు" అని ఒక అన్న గ్రూపులో అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అప్పుడు తోట చూసేదీ షెడ్డు చూసేదీ ఒకే మనిషి, లిస్టు ఆయన తలలో ఒకటే ఉండేది. ఇప్పుడు ఒకే ఇంట్లో ఒకరు తోట, ఒకరు షెడ్డు, ఒకరు శ్రీపెరుంబుదూరు కంపెనీ షిఫ్టుకు పోతా ఆదివారం మాత్రం సాయం చేసేవాళ్లు. తలలు మూడు అయినాయి.

అందులోనూ చాలా ఇళ్లల్లో రాత్రి మేత వేసేది ఆడవాళ్లు, లిస్టు ఉన్న ఫోన్ ఉండేది మగవాళ్ల జేబులో. మందు కొట్టిన తేదీ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అగుపడదు. ఇది మాకు ఒప్పుకోబుద్ధి కాని విషయం. కీప్‌లో నోటును ఇంకొకరి ఫోన్‌తో పంచుకోవచ్చు, వాళ్లు పెట్టిన టిక్కు మనకూ కనపడుతుంది. వాట్సాప్‌లో చెప్పినాము కదా అంటారు. వాట్సాప్‌లో చెప్పింది సాయంత్రానికి గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పూడిపోతుంది. ఫోన్ వద్దనే ఆడవాళ్లు ఉంటే షెడ్డు తలుపు పక్కన ఒక పలక తగిలించండి. దాని మీద ఒక్క సంగతే రాయండి: తోటలో ఏ పక్క ఆకు ఏ తేదీ నుంచి కోయొచ్చు. ఇది రెండు చోట్ల రాసినట్టు కాదా అని అడుగుతారు. అవును, రాసినట్టే. అందుకే మా ఇంట్లో పలక మీద తేదీ మార్చకుండా ఫోన్లో మార్చే హక్కు ఎవరికీ లేదు. ముందు పలక, తరువాత ఫోన్. రెండూ వేరేగా ఉంటే పలకదే మాట.

మాకు తేలని సంగతి ఒకటి మిగిలి ఉంది. తోట రెండు భాగాలు చేసి ఒకదాని వెనక ఒకటి బ్యాచ్‌లు తీసేవాళ్లకు ఒక బ్యాచ్ అయిదో దశలో ఉండగానే ఇంకో భాగంలో కత్తిరింపు, ఎరువు వస్తాయి. అప్పుడు షెడ్డు లిస్టు బ్యాచ్‌కు ఒకటి పెట్టాలా, మొత్తానికి ఒకటే పెట్టాలా? మేము బ్యాచ్‌కు ఒకటి పెడతా ఉన్నాము, కానీ కూలోళ్ల పనులు రెండింటి మధ్య తన్నుకుంటా ఉన్నాయి. ఏడాదికి ఏడెనిమిది బ్యాచ్‌లు తీసేవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. మీరు ఎట్లా పెట్టుకున్నారో వాయిస్‌లో వద్దు, రాసి పంపండి, మళ్లీ వెతికితే దొరకాలి.