రాకెట్టు చదివితే రాదు, చేస్తే వస్తుంది



"ప్రతి చర్యకు సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది." న్యూటన్ మూడో నియమం. స్టడీ అవరులో అందరం గట్టిగా చదివి బట్టీ పడతాం. పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఆ నియమంతో మన చేత్తో ఒక్క వస్తువైనా చేశామా? లేదు. అందుకే మన హాస్టల్లో పిల్లల చేత నీటి రాకెట్టు చేయించాలని నా అభిప్రాయం.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, బిగుతుగా పట్టే బిరడా, సైకిల్ ట్యూబు వాల్వు, గాలి పంపు, అట్టముక్కలు చాలు. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, తలకిందులుగా నిలబెట్టి గాలి కొట్టాలి. ఒత్తిడికి బిరడా ఊడి నీళ్ళు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. నీళ్ళు ఎక్కువైతే గాలికి చోటుండదు. తక్కువైతే కిందికి తొయ్యడానికి బరువు చాలదు. ఎన్ని నీళ్ళకు ఎంత ఎత్తు పోయిందో రాసుకుని, మార్చి మార్చి చూడాలి. ఇంజనీరింగు అంటే అదే కదా!

ఎత్తు ఎలా తెలుస్తుంది? 30 మీటర్ల దూరంలో నిలబడి, కోణమానినికి దారం, రాయి కట్టి చూడాలి. 45 డిగ్రీలు వస్తే ఎత్తు 30 మీటర్లు, దానికి మన కంటి ఎత్తు కలపాలి. పదో తరగతి త్రికోణమితి మైదానంలోకి వచ్చేసినట్టే.

"ఇంజనీరింగు మనకెందుకురా, లెక్కలు మనకు రావు" అనే మిత్రులున్నారు. వాళ్ళను మన తాతల బాణం చూడమంటాను. ముందు ఇనుప ములికి, వెనక ఈకలు. ముందు బరువు, వెనక ఈకలు ఉంటేనే అది సూటిగా పోతుంది. రాకెట్టుకూ అంతే. ముక్కున కాస్త మట్టి ముద్ద, తోకకు మూడు అట్ట రెక్కలు. లేకపోతే గిరగిరా తిరిగి పడిపోతుంది. ఈ విద్య మన ఇళ్ళలో ఉన్నదే.

అమెరికాలో కోల్‌వుడ్ అనే ఒకప్పటి బొగ్గుగని ఊరుంది. 1957లో రష్యావాళ్ళు స్పుత్నిక్ పంపాక, ఆ ఊరి హైస్కూలు పిల్లలు కొందరు రాకెట్లు చెయ్యడం మొదలుపెట్టారు. మొదటిది పేలి ఇంటి కంచె ఎగిరిపోయింది. వాళ్ళు మానలేదు. గని వర్క్‌షాపు కార్మికులు లోహపు భాగాలు చేసిచ్చారు, ఒక టీచరమ్మ పుస్తకమిచ్చి ప్రోత్సహించింది. 1960లో జాతీయ సైన్స్ ఫెయిర్లో పతకం గెలిచారు. వారిలో హోమర్ హికమ్ తర్వాత నాసాలో ఇంజనీరయ్యాడు. అయితే వాళ్ళలాగా మందు కలపడం మనకు వద్దు. నీళ్ళు, గాలి చాలు.

మన దగ్గర చూద్దాం. శ్రీహరికోట దీవి యానాదుల నివాసం. రాకెట్ కేంద్రం కోసం చాలా కుటుంబాలను అక్కడి నుంచి తరలించారు. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. చోటిచ్చింది గిరిజనులు. మరి రాకెట్ చేసే గదిలో గిరిజన బిడ్డ కూర్చోవద్దా? టీవీలో చూసి చప్పట్లు కొట్టడమే మన వంతా?

పెద్దలకు రెండు భయాలుంటాయి. ఒకటి, దెబ్బలు తగులుతాయని. సారు దగ్గరుండి, పగిలిన సీసాలు వాడనివ్వకుండా, ఎగిరేటప్పుడు అందరినీ దూరంగా నిలబెడితే ఆ భయం తగ్గుతుంది. రెండోది, చదువు పాడవుతుందని. పాడవదు సారూ, ఇదే చదువు. చెప్పింది తప్పో ఒప్పో మార్కుల కోసం ఆగకుండా సీసాయే చెప్పేస్తుంది.

కాబట్టి శనివారం సాయంత్రం ఒక్క గంట ఇప్పించమని వార్డెన్ సారును కోరుతున్నాను. ఆడపిల్లలకూ, చిన్న తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళకూ అందులో చోటుండాలి. సీసాలు మేమే ఏరుకొస్తాం. పంపు మాత్రం మీరు ఇప్పించండి.

ఆలోచించండి మిత్రులారా!

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి