చిన్న ఇంటర్నెట్టు సంస్థలు – కొత్త టెలికాం చట్టము

తెల్లవారు 1885లో చేసిన టెలిగ్రాఫు చట్టమునకు బదులుగా మన పార్లమెంటు 2023 డిసెంబరులో టెలికమ్యూనికేషన్ల చట్టమును చేసినది. పరప్రభుత్వపు చట్టమును తొలగింప బూనుకొన్నందుకు సంతసింపని దేశాభిమాని యుండడు. మేమును సంతసించితిమి. కాని దానిని చదివినకొలది మాకొక సందేహము బలపడుచున్నది. ఢిల్లీలో నియంత్రణాధికారము రూపు మారునప్పుడు, జిల్లాలలో ఇంటర్నెట్టు నందించు చిన్న సంస్థల గతి యేమి?

1998 నవంబరులో ఈ వ్యాపారమును ప్రైవేటు వారికి విడిచినప్పుడు దేశమంతటికి ఒకటి, ఒక రాష్ట్రపు ప్రాంతమునకు ఒకటి, సుమారొక జిల్లాకు ఒకటి, ఇట్లు మూడు తరగతుల లైసెన్సు లేర్పడెను. 2013 నాటి ఏకీకృత లైసెన్సు పద్ధతిలో మొదటి తరగతి ప్రవేశ రుసుము 30 లక్షల రూపాయలు కాగా మూడవ తరగతికి 20,000 మాత్రమే. టెలివిజను కేబులు వేసి జీవించుచుండిన తాలూకా పట్టణములవారు కొందరు స్వయముగా లైసెన్సు పొంది, కొందరు పెద్దవారి క్రింద చేరి, ఇంటర్నెట్టును గూడ ఇయ్యసాగిరి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు సైతము ఇంటింటికి తీగె చేర్చుటకు ఈ కేబులు ఆపరేటర్లనే ఆశ్రయించినది. గాలివానకు తీగె తెగిన రాత్రి నిచ్చెన భుజాన వేసికొని వచ్చువాడు ఇతడే. పెద్ద కంపెనీకి ఫోను చేసినచో యంత్రము పలుకును. ఒకటి నొక్కుమనును, రెండు నొక్కుమనును!

వీరి బలము మాత్రము స్వల్పము. సెల్‌ఫోను చందాదారులను గూడ కలిపి చూచినచో, నియంత్రణ సంస్థయగు ట్రాయి 2024లో ప్రకటించిన నివేదికల ప్రకారము బ్రాడ్‌బాండు చందాదారులలో నూటికి 98 మందికి పైగా అయిదు సంస్థల చేతిలోనే యుండిరి. మిగిలిన రెండు పాళ్లలోపు భాగమును తక్కినవారందరు పంచుకొనవలెను. ఏకీకృత లైసెన్సు క్రింద వీరి యాదాయముపై నూటికి 8 వంతున రుసుము విధింపబడినది. అందులో 5 పాళ్లు పల్లెలకు తంతి సౌకర్యములు కల్పించు నిధికట! పల్లెలలోనే తీగె లాగుచున్న వానినుండి పల్లెల పేర వసూలు చేయుట యే న్యాయమో మాకు బోధపడకున్నది.

ఇప్పుడు ముఖ్య విషయమునకు వత్తము. పాత పద్ధతిలో లైసెన్సు ప్రభుత్వమునకును సంస్థకును జరిగిన ఒడంబడిక. షరతులు మార్చు హక్కును ప్రభుత్వము అందులోను తనకే యుంచుకొన్నమాట నిజమే. అయినను అది ఒడంబడికగా న్యాయస్థానమున వాదింపదగినది. కొత్త చట్టపు మూడవ సెక్షను ప్రకారము లైసెన్సు పోయి అనుమతి వచ్చును. దాని షరతులను ప్రభుత్వము నియమముల రూపమున నిర్ణయించును. 2024లో ట్రాయి ఈ పద్ధతినే సిఫారసు చేయగా పెద్ద కంపెనీల సంఘము సైతము అభ్యంతరము తెలిపినది. వారికి ఢిల్లీలో న్యాయవాదులు గలరు. చిన్నవాడు గెజెట్టు చూచి తెలిసికొనునాటికి గడువు మీరిపోవును.

షరతు తప్పినచో తప్పు తీవ్రతను బట్టి 5 కోట్ల రూపాయల వరకు జుల్మానా గలదు. దానిని విధించువారు కేంద్రప్రభుత్వ మేర్పరచు అధికారులు. మొదటి అప్పీలు వినువారును ప్రభుత్వాధికారులే. ఆ పిమ్మటనే ట్రిబ్యునలు. నియమము చేయువారు, అనుమతి నిచ్చువారు, తప్పు విచారించువారు ఒక్కరే. పైగా ఆ ప్రభుత్వము స్వయముగా వర్తకుడు: బి.ఎస్.ఎన్.ఎల్. దానిదే, 2025 ఏప్రిలులో వోడాఫోన్ ఐడియాలోను దాని వాటా నూటికి 49 వరకు పెరిగినది.

మధ్య ట్రాయి యుండగా భయమేల యని కొందరనవచ్చును. 1997లో స్థాపింపబడిన ఆ సంస్థ సభ్యులనందరను 2000 జనవరిలో ఒక ఆర్డినెన్సుతో తొలగించిరి. తీర్పుచెప్పు అధికారమును వేరు ట్రిబ్యునలునకు మార్చిరి. లైసెన్సుల విషయమున ట్రాయి సిఫారసులకు ప్రభుత్వము కట్టుబడనక్కరలేదు. 2016 ఫిబ్రవరిలో ఇంటర్నెట్టులో ఒక్కొక్క వెబ్‌సైటునకు ఒక్కొక్క ధర పెట్టరాదని శాసించినది ఈ ట్రాయియే గనుక దానిని తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. కాని 2023 చట్టము దాని అధ్యక్ష, సభ్య పదవులను ప్రైవేటు రంగమువారికి తెరచుచు, కంపెనీ డైరెక్టరుగానో ముఖ్యాధికారిగానో పనిచేసిన దీర్ఘానుభవమును అర్హతగా నిర్ణయించినది. ఈ ద్వారమున ప్రవేశించువాడు ఎట్టి కంపెనీనుండి వచ్చునో ఊహింప కష్టము కాదు.

పత్రికలవారి కిట్టి యేర్పాటు కొత్త కాదు. 1910 ప్రెస్సు చట్టము క్రింద కొత్త అచ్చుకూటము పెట్టువానినుండి 500 మొదలు 2,000 రూపాయల వరకు జామీను గోరుటకు మేజిస్ట్రేటునకు అధికారముండెను. అచ్చు యంత్రమును అప్పు చేసి కొన్నవానికి ఆ జామీనే యురి.

జుల్మానాను ఆదాయమును బట్టి పరిమితము చేయవలెను. షరతు మార్పునకు ముందు కనీస మారుమాసముల గడువు, ఆయా ప్రాంతముల భాషలో నోటీసు ఇయ్యవలెను. ట్రాయిలోని ఇద్దరు పార్టుటైము సభ్యులలో ఒకరు చిన్న సంస్థల వ్యవహార మెరిగినవారై యుండవలెను. నియమములను పార్లమెంటు ఉభయసభల ముందు ముప్పది దినము లుంచవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ ముప్పది దినములలో ఆంధ్ర, తెలంగాణ సభ్యులలో నెవ్వరు లేచి యడుగుదురో పేరు పేరున వ్రాసి యుంచెదము.