రిజల్ట్ తర్వాత పది రోజులు



ఇంటర్ రిజల్ట్స్ రోజున పాసైన మన పిల్లల ఫొటోలు అందరం పంచుకుంటాం. పంచుకోవాలి కూడా, అది మన గర్వం. ఈ మాటలు మాత్రం ఆ రోజు ఫొటో రాని తమ్ముడి గురించి, చెల్లి గురించి. ఇంకా గట్టిగా చెప్పాలంటే, వాళ్ళ చుట్టూ ఉన్న మన గురించి.

గొలుగొండ చుట్టుపక్కల ఊళ్ళల్లో చదువుకున్న మేము కొన్నేళ్ళుగా చూస్తున్నది ఒకటుంది. మన పిల్లల చదువు ఆపేది ఫెయిలవ్వడం కాదు. ఫెయిలైన తర్వాత వచ్చే పది రోజులు ఆపుతున్నాయి.

ఎలాగంటే, 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి ఏప్రిల్ 15 నుంచి 22 దాకా టైమిచ్చారు. పరీక్షలు మే 12న మొదలయ్యాయి. అంటే రిజల్ట్ వచ్చిన పది రోజుల్లో ఫీజు కట్టినవాడికి నెల తిరిగేసరికి మళ్ళీ పరీక్ష. ఆ పది రోజులూ ఏడుస్తూ, దాక్కుంటూ గడిపేసినవాడికి ఏడాది పోయినట్టే. రీకౌంటింగ్‌కి కూడా గడువు దాదాపు అదే వారంలో అయిపోతుంది.

మన దగ్గర ఆ పది రోజుల్లో ఏటవుతాదో అందరికీ తెలుసు. అది జీడిపిక్కల సీజన్. ఫెయిలైన గుంటడు మర్నాడే తోటకి పోతాడు. సాయంత్రానికి చేతిలో కూలి డబ్బులు పడతాయి, ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. అక్కడి నుంచి ఎవరో మావయ్య కొడుకుతో హైదరాబాదో, చెన్నయో. ఆడపిల్లకైతే ఇంట్లో పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఎవరూ కావాలని చెడు చెయ్యడం లేదు. ఫీజు ఆఖరి తేదీ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలిసిన పిల్లకి నోరు పెగలదు. అంతే, చదువు అయిపోయింది.

అందుకే మేము అనేది: ఆ పది రోజులూ మన యువజనులది బాధ్యత. అందులో మొదటి పని సలహా ఇవ్వడం కాదు, తిండి పెట్టడం.

నవ్వకండి. ఫెయిలైన పిల్ల ముందు మానేసేది తిండి. ఆకలి మీద ఉన్న మనిషికి “జీవితం చాలా పెద్దది” అని చెప్తే వినబడదు. మన పెద్దోళ్ళకి ఈ సంగతి తెలుసు. చావింటికి వెళ్ళినా, పంట పోయిన ఇంటికి వెళ్ళినా ముందు అంబలి పోస్తారు, తర్వాతే మాట్లాడతారు.

బయటోళ్ళకి బొంగు చికెన్ తెలుసు. అరకు రోడ్డు మీద కొనుక్కుని తింటారు. కోడి లేని రోజు ఆ బొంగులో ఏం పెడతారో మాత్రం మనకే తెలుసు. గుమ్మడికాయ ముక్కలు, ఆ వారం సంతలో దొరికిన దుంపలు, రెండు వంకాయలు, ముందే నానబెట్టి ఉడికించిన రాజ్మా చిక్కుడు గింజలు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి దంచి, పసుపు, ఉప్పు వేసి చేత్తోనే కలపాలి. నూనె అక్కర్లేదు. అడుగున కణుపు ఉండేలా కోసిన పచ్చి వెదురు బొంగుని కడిగి, అందులో ఇవన్నీ కూరి, మూతికి అడ్డాకు చుట్ట పెట్టాలి. మంట తగ్గాక నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి, ముప్పావు గంట సేపు తిప్పుతూ ఉండాలి. పచ్చి వెదురులో తడి ఉంటుంది కాబట్టి బొంగు పైన నల్లబడుతుందే కానీ వెంటనే అంటుకోదు. కూరగాయలు తమ నీటితోనే లోపల మగ్గుతాయి.

ఒక్క జాగ్రత్త. మూతిని మట్టితోనో, చెక్కతోనో గట్టిగా బిగించకూడదు. ఆవిరి పోయే దారి లేకపోతే బొంగు పగిలిపోతుంది. ఆకు చుట్ట అయితే వదులుగా ఉంటుంది, ఆవిరి పోతూ ఉంటుంది. మనిషైనా అంతే కదా.

ఈ వంటే ఎందుకంటే, ఇది ఒక్కరు చేసేది కాదు, గబగబా అయ్యేది కాదు. ఒకరు బొంగు కొడతారు, ఒకరు నిప్పు చూస్తారు, ఒకరు దుంపలు కోస్తారు. ఫెయిలైన తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టి “ఏటయినాదిరా” అని అడిగితే తల దించుకుంటాడు. అదే తమ్ముడి చేతికి బొంగు ఇచ్చి తిప్పమంటే, నిప్పుల వైపు చూస్తూ వాడే మాట్లాడతాడు. మాట్లాడకపోయినా పర్లేదు. ఆ ముప్పావు గంటా ఒంటరిగా లేడు. బొంగు చీల్చి, ఆకులో వేసి, చోడి అంబలితో పెట్టండి. తిన్నాక కూడా మార్కులు అడగొద్దు. ఫీజు సంగతి మర్నాడు పొద్దున్న.

ఇక ఓదార్పు మాటల గురించి. “అల్లూరి కూడా చదువు పూర్తి చెయ్యలేదు, ఏం తక్కువయింది” అని మనవాళ్ళు అంటుంటారు. ఆయన సమాధి మన మండలంలోనే, కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాం, ఈ మాట మన పిల్లలకి పనికిరాదు. ఇవాళ గ్రూప్ పరీక్షకైనా, పోలీస్ ఉద్యోగానికైనా సర్టిఫికెట్ అడుగుతారు. ఆయన నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీదకి వరసగా మూడు రోజులు వెళ్ళినప్పుడు ఆయన ఒంటరిగా వెళ్ళలేదు. వెంట మన మన్యం జనం ఉన్నారు. మన పిల్ల సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి నర్సీపట్నం బస్సు ఎక్కేటప్పుడు వెంట ఒక్కరైనా ఉన్నారా? ముందు అది చూసుకుందాం.

ఇంకో మాట కూడా పిల్లలకి చెప్పాలి: ఫెయిల్‌లో మొత్తం భాగం నీది కాదు. ఇంట్లో కువి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం పట్టిన పిల్ల మూడు భాషలు దాటి వచ్చి పరీక్ష రాసింది. 1950లో విశాఖ ఏజెన్సీని షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించిన ఉత్తర్వులోనే కృష్ణదేవిపేట లాంటి ఊళ్ళని పేరు పెట్టి మినహాయించారు. కొండ అవతల గ్రామానికి ఉన్న రక్షణ కొండ ఇవతల గ్రామానికి లేదు. ఇవి సాకులు కావు, నిజాలు. వీటి మీద అడగాల్సిన చోట మనం అడుగుతూనే ఉండాలి. కానీ పిల్లకి చెప్పేటప్పుడు రెండూ విడదీసి చెప్పాలి: ఇది నీ చేతిలో లేనిది, ఇదిగో ఈ రెండు సబ్జెక్టులు నీ చేతిలో ఉన్నవి. అన్నీ నీ తప్పే అంటే కుంగిపోతుంది. ఏదీ నీ తప్పు కాదంటే పుస్తకం ముట్టదు.

మార్కుల కాగితం కూడా దేవుడి మాట కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది. మళ్ళీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. కాగితం మీది అంకె దిద్దుకోవచ్చు, పోయిన ప్రాణం తిరిగి రాదు. ఏ పిల్లైనా “నేను ఉండి ఏం లాభం” అన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ రాత్రి వదిలిపెట్టి రావద్దు. 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

కాబట్టి ఈసారి రిజల్ట్స్ వచ్చేలోపే ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక చిన్న కాగితం రాసుకుందాం. మన ఊళ్ళో ఇంటర్ రాసినవాళ్ళు ఎవరెవరు, ఎవరింటికి ఎవరు వెళ్తారు, ఫీజు డబ్బులు లేనివాళ్ళకి ఎవరు సర్దుతారు, నర్సీపట్నం ఎవరు తీసుకెళ్తారు, ఆ నెల రోజులూ లెక్కలు ఎవరు చెప్తారు. జీడి తోటకి వెళ్ళే పిల్లలు పొద్దున్న వెళ్ళినా, సాయంత్రం రెండు గంటలు చదివేలా ఇంటి పెద్దలతో మాట్లాడాలి. పెద్దలు వింటారు. ఇన్నాళ్ళూ ఎవరూ వెళ్ళి చెప్పలేదు, అంతే.

రిజల్ట్ రోజు సాయంత్రానికి మాత్రం బొంగులు కొట్టి ఉంచండి. పాసైనవాళ్ళూ, ఫెయిలైనవాళ్ళూ ఒకే నిప్పు దగ్గర కూర్చుని తినాలి.